ఏజెంటుగా చేరే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రాగి తీగ ధర ఏటికేడు పెరుగుతున్నా కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టినందుకు రైతులిచ్చే మజూరీ నాలుగేళ్ళుగా కదలలేదనీ, తెనాలి పెద్దమనిషి చెప్పిన డిపాజిట్ పథకంలో ఇరవై మందిని చేర్పిస్తే ఆరు నెలలు షాపులో ఒళ్ళు వంచినా మిగలనంత కమీషను ఒక్క నెలలో వస్తుందనీ రాశావు. నీ కష్టానికి తగిన ప్రతిఫలం దక్కడం లేదన్న మాట నిజమే. అయితే నాలుగు రోజుల మాటలకు ఆరు నెలల పనికన్నా ఎక్కువ ఎందుకిస్తున్నారో ముందు ఆలోచించు. వారికి కావలసింది నీ శ్రమ కాదు. కాలిన మోటారును రసీదైనా అడగకుండా నీ చేతిలో పెట్టి వెళ్ళే రైతులకు నీ మీద ఉన్న గురి.

లక్ష కడితే నెలకు 5,000 ఇస్తామంటున్నారు, అంటే అయిదు రూపాయల వడ్డీ. ఊళ్ళో రెండు రూపాయలకే అప్పు పుడుతుంటే అయిదు రూపాయలకు డబ్బు తీసుకునేవాడు దానిని ఏ వ్యాపారంలో పెట్టి అంతకు మించి సంపాదిస్తాడో అతనినే అడుగు. తరువాత ఇంకొక లెక్క వెయ్యి. లక్షకు నీ కమీషను 10,000 పోతే 90,000 మిగులుతుంది. ఎక్కడా పైసా పెట్టుబడి పెట్టకపోయినా, కొత్తగా ఒక్కరూ చేరకపోయినా, ఆ 90,000 తోనే 18 నెలలపాటు నెల తప్పకుండా 5,000 చొప్పున ఇవ్వవచ్చు. కాబట్టి "ఏడాదిగా ఠంచనుగా ఇస్తున్నారు" అన్నది ఏ రుజువూ కాదు. రైతు డబ్బే రైతుకు తిరిగి వస్తోంది, అంతే.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన లెక్క. సహకార సంఘంలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, జీతం చాలక, ఒక ఫైనాన్సు కంపెనీకి మా వీధిలోని పదకొండు ఇళ్ళ చేత డబ్బు కట్టించాను. రెండేళ్ళు వడ్డీ సక్రమంగా వచ్చింది. మూడో ఏడు ఆఫీసుకు తాళం పడింది. యజమానుల ముఖం మా వీధివారు ఎన్నడూ చూడలేదు కనుక అందరూ నా గుమ్మానికే వచ్చారు. మీ అత్తయ్య గాజులు అమ్మితే నాలుగిళ్ళకు తీర్చగలిగాను. మిగిలిన ఏడిళ్ళలో రెండు ఇళ్ళవారు నేటికీ మా ఇంటి శుభకార్యాలకు రారు.

విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు తీసుకుని, చివరకు తిరిగి చెల్లించలేకపోయిన అగ్రిగోల్డ్ సంగతి నీకు తెలియనిది కాదు. దాదాపు 32 లక్షల మంది నుంచి సుమారు 6,380 కోట్ల రూపాయలు పోగైంది. ఊరూరా ఆ డబ్బు చేర్చినవారు నీలాంటి ఏజెంట్లే. ఆంధ్రప్రదేశ్‌లో 10,000 లోపు కట్టినవారికి 2019లో, 20,000 లోపువారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది. బిడ్డ పెళ్ళికని లక్షలు కట్టినవారు ఆ జాబితాల్లో లేరు.

కంపెనీ రిజిస్ట్రేషను పత్రం, జీఎస్టీ నంబరు చూపితే తృప్తి పడవద్దు. ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి వేరే అనుమతి ఉండాలి. రిజర్వు బ్యాంకు వారి సచేత్ వెబ్‌సైటులో విచారించు. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ప్రకారం, అబద్ధమని తెలిసి మాట చెప్పి ఇటువంటి పథకంలో చేర్పించినవారికి ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. నీకు ఈ ఉత్తరం చేరాక తెలియదనడానికి వీలుండదు! రిజిస్ట్రారు అనుమతితో నడిచే చిట్టీ వేరు సంగతి; దానిలో నెలనెలా వేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక మజూరీ మాట. రాగి వెలనూ నీ మజూరీనీ కలిపి ఒకే అంకెగా చెబుతున్నావు కనుక, రాగి పెరిగినప్పుడల్లా రైతు బేరమాడి తగ్గిస్తున్నది నీ మజూరీనే. బిల్లులో రెండూ విడివిడిగా రాయి. మోటారులోంచి తీసిన పాత రాగిని రైతు ఎదుటే తూచి దాని విలువ బిల్లులో తగ్గించు. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. నాలుగేళ్ళ బిల్లు పుస్తకాలు తీసి ఉంచు. అప్పటి దాకా ఆ ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టవద్దు. అక్కయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య