ఆయన భయం కోసం మీ క్లాసు మానకండి

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మావారికి 73. ఆర్నెల్ల కిందట ఆయన బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. ఎముకలేమీ విరగలేదు గానీ, అప్పటినుంచీ నా చెయ్యి పట్టుకోకుండా గుమ్మం దాటరు. రోజంతా కుర్చీలోనే ఉంటారు. నాకేమో మోకాళ్ల నొప్పులు. డాక్టరు వ్యాయామం చేయమంటే, పెద్దవాళ్లకు తాయ్ చీ అనే నెమ్మది కదలికల చైనా వ్యాయామం నేర్పే క్లాసులో చేరాను. వారానికి రెండు రోజులు, గంటసేపు. ఆ గంట నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. "నన్నొదిలేసి గంతులెయ్యడానికి పోతున్నావా?" అని ఆయన అలుగుతారు. "నువ్వు లేనప్పుడు నాన్న పడితే ఎలాగమ్మా, మానెయ్" అని పిల్లలు ఫోన్లో అంటారు. వెళ్తే తప్పు చేస్తున్నట్టు, మానేద్దామంటే ఊపిరాడనట్టు ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మానకండి. ముందు ఆ మాట చెప్పేసి, మిగతావి తర్వాత మాట్లాడతాను.

మీవారి మాటలు మీకు కోపంగా వినిపిస్తున్నాయి. నాకు వాటిలో భయం ఎక్కువగా కనబడుతోంది. ఒకసారి పడిన మనిషికి దెబ్బ మానినా, తన కాళ్ల మీద తనకు నమ్మకం అంత తొందరగా తిరిగి రాదు. మళ్లీ పడతానేమోనని నడక తగ్గించేస్తారు. నడక తగ్గేసరికి తొడల్లో, పిక్కల్లో బలం తగ్గుతుంది. తూలినప్పుడు చటుక్కున అడుగు మార్చుకుని నిలదొక్కుకునే చురుకూ పోతుంది. దాంతో నిజంగానే పడే ప్రమాదం పెరుగుతుంది. పిల్లలు ప్రేమతోనే చెబుతున్నారు, కాదనను. కానీ నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మను పక్కన కాపలా ఉంచితే ఆయన కాళ్లు ఇంకా బలహీనపడతాయి, మీ మోకాళ్లూ పట్టేస్తాయి. అప్పుడు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుంటారు?

మీరు నేర్చుకుంటున్నది ఆయనకూ పనికొస్తుంది. ఆ నెమ్మదైన కదలికల్లో ఏం జరుగుతోందో ఈసారి గమనించండి. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము నిటారుగా ఉంచి, ఒంటి బరువంతా ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదకు మెల్లగా మారుస్తారు. పక్కకు, వెనక్కు అడుగులేస్తారు. చేతులు ఒకవైపు కదులుతుంటే తల, చూపు వాటి వెంట తిరుగుతాయి. మనం మామూలుగా పడేది ఇలాంటి సందర్భాల్లోనే కదా: తిరగబోయినప్పుడు, వెనక్కు అడుగేసినప్పుడు, ధ్యాస ఇంకెక్కడో ఉన్నప్పుడు. ఆ కదలికలనే తొందర లేకుండా, మనసు పెట్టి, పదేపదే సాధన చేయిస్తుంది తాయ్ చీ.

దీని మీద పరిశోధనలు బాగానే జరిగాయి. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 70 ఏళ్లు దాటిన 670 మందిని తీసుకున్నారు. అంతకుముందు పడినవాళ్లు, లేదా నడక తడబడుతున్నవాళ్లు. అంటే అచ్చం మీవారి లాంటివాళ్లే. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాల పాటు నేర్పారు. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లతో పోలిస్తే తాయ్ చీ చేసినవాళ్లు పడటం 58 శాతం తగ్గింది. దానికి చాలా ముందు, 1996లో వచ్చిన మరో అధ్యయనంలో పడటంతో పాటు పడతామన్న భయం కూడా తగ్గినట్టు తేలింది. మీ ఇంట్లో కావలసింది ఆ రెండోదేనని నాకనిపిస్తోంది.

మీ మోకాళ్ల సంగతికొస్తే, 2016లో మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిలో సగం మందికి తాయ్ చీ, సగం మందికి ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. 12 వారాలకు నొప్పి రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. దిగులు మాత్రం తాయ్ చీ చేసినవాళ్లకే ఎక్కువ తగ్గింది. కాబట్టి ఆ గంట మీకు ప్రాణం లేచొచ్చినట్టుండటం మీ ఊహేమీ కాదు, స్వార్థం అంతకన్నా కాదు. ఇరవై నాలుగు గంటలూ ఒకరి భయాన్ని మోసే మనిషికి తనకంటూ కాస్త సమయం ఉండాలి. లేకపోతే ఆ విసుగు ఏదో ఒకరోజు ఆయన మీదే పడుతుంది. నొప్పి ఉన్నప్పుడు మరీ కిందికి వంగకండి. మోకాలు బొటనవేలిని దాటి ముందుకు రాకూడదు. పక్కకు తిరిగేటప్పుడు పాదాన్ని తిప్పాలి, మోకాలిని మెలిపెట్టకూడదు. వాపు వస్తే ఆపి డాక్టరుకు చూపించుకోండి.

ఇక ఆయన విషయం. అసలు ఎందుకు పడ్డారో తెలుసుకున్నారా? నేల తడిగా ఉండి జారడం వేరు, లేచి నిలబడగానే కళ్లు తిరగడం వేరు. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, మసకబారిన చూపు, షుగరు వల్ల మొద్దుబారిన పాదాలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లి ఒకసారి డాక్టరుతో మాట్లాడండి. ఇది తేలకుండా ఆయనతో ఏ వ్యాయామమూ మొదలుపెట్టించవద్దు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు, రాత్రి వెలిగే దీపం, జారని చాప వెంటనే పెట్టించండి.

డాక్టరు సరేనన్నాక కూడా ఆయన్ని క్లాసుకు లాక్కెళ్లకండి. నలుగురిలో తూలితే నామోషీ అన్న బెంగ ఉంటుంది. ముందు ఇంట్లోనే, బరువైన కుర్చీ వీపు పట్టుకుని ఇద్దరూ నిలబడండి. బరువును ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదకు మార్చడం ఒక్కటే చెయ్యండి, ఓ ఐదు నిమిషాలు. నిలబడలేనంటే కూర్చునే చేయవచ్చు. "ఏమండీ, మీరు పడతారని నాకూ భయమే. అందుకే మీ కాళ్లకు బలం రావాలి. నాతో కలిసి చెయ్యండి" అని అడగండి. గంతులంటే మాత్రం ఒక సంగతి చెప్పండి. ఇది చైనాలో యుద్ధవిద్యగా పుట్టింది. అందరూ నేర్చుకునేలా 1956లో అక్కడి క్రీడాశాఖ 24 భంగిమలకు కుదించింది. మగవాళ్లకు ఈ మాట కొంచెం పనిచేస్తుంది.

నాలుగైదు క్లాసులకే మార్పు కనబడాలని మాత్రం ఆశించకండి. ఆ అధ్యయనాలన్నీ నెలల తరబడి సాగినవే. మధ్యలో ఆయన రెండు రోజులు చేసి మూడో రోజు మానేస్తారు. దానికి సాధించకండి, మర్నాడు మళ్లీ కుర్చీ దగ్గరకు పిలవండి.

పిల్లలతో మాత్రం మెత్తగా మాట్లాడి ఊరుకోవద్దు. బాధ్యత ఎవరిదని అడుగుతున్నారు కాబట్టి అందులో కొంత వాళ్లకే అప్పజెప్పండి. మీరు క్లాసులో ఉండే గంట ఒకరు ఆయనకు ఫోన్ చేసి మాట్లాడాలి. బాత్‌రూమ్ పని ఇంకొకరు చేయించాలి. డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా వాళ్లే తీసుకోవాలి. ఆయన చేతికందే చోట ఫోన్ పెట్టి, మీరు బయలుదేరండి. కుర్చీలో కూర్చుని చేసేవాళ్లను కూడా క్లాసులోకి తీసుకుంటారేమో ఈసారి టీచరును అడిగి రండి.