ఇద్దరు లార్డ్స్ కలిసి వస్తే?

ప్రశ్న: హాలో నైట్ వీడియో గేమ్‌లో మాంటిస్ లార్డ్స్ అనే ముగ్గురు శత్రువులతో పోరు మొదటి దశ దాటుతున్నాను. మిగతా ఇద్దరు కలిసి రాగానే ఓడిపోతున్నాను. ఈ పోరు మరీ అన్యాయంగా లేదూ?

జవాబు: లేదు. ఆట మొత్తంలో ఇంత నిక్కచ్చిగా నడిచే పోరు అరుదు. వాళ్ల దాడులు మూడే. నేలమీద దూసుకొస్తే ఎగరాలి. నెత్తిమీదికి దిగితే పక్కకు జరగాలి. గోడకు అంటుకుని విసిరే ఆయుధం వంపు తిరిగి వస్తుంది, దాని దారి చూశాకే కదలండి. ఇద్దరొచ్చినా ఇవే దాడులు. ఒకరి వెంటే పడితే రెండోవారి దెబ్బ తినక తప్పదు. తప్పించుకున్న ప్రతిసారీ ఒక్క దెబ్బ కొడితే చాలు, అత్యాశ వద్దు.

ఒక మాస్క్ (ప్రాణాల లెక్క) నింపడానికి 33 సోల్ (కొడితే వచ్చే శక్తి) కావాలి, మీరు కొట్టే దెబ్బకు 11 వస్తుంది. అంటే మూడు దెబ్బలకు ఒక మాస్క్. మొదటి లార్డ్ సింహాసనానికి తిరిగి వెళ్లే విరామంలోనే నింపుకోండి.

కత్తి ఇంకా మొదటిదేనా? దాని బలం 5. సిటీ ఆఫ్ టియర్స్‌లో కత్తికి పదును పెట్టే నెయిల్‌స్మిత్‌కు 250 జియో (ఆటలోని డబ్బు) ఇస్తే 9 అవుతుంది, కొట్టాల్సిన దెబ్బలు దాదాపు సగానికి తగ్గుతాయి.

ఇంకోటి: చనిపోయాక, చనిపోయిన చోట మిగిలే మీ నీడ లాంటి షేడ్‌ను ఓడించకుండా మళ్లీ బరిలోకి దిగకండి. అప్పటిదాకా సోల్ పాత్రలో 99కి బదులు 66 మాత్రమే పడుతుంది.