ట్రైలర్ తగిలిస్తే ఛార్జింగ్ నిలవడం లేదా?

అన్నా, టిఫిన్ ట్రైలర్ లాక్కుంటూ అనంతపురం నుంచి కర్నూలు పోతుంటే డోన్ దాటకముందే మీ ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ అడుగంటుతోందన్నారు కదా. బ్యాటరీ పోయిందని టెన్షన్ పడొద్దు, అసలు దొంగ గాలి. కారు కంటే ఎత్తున్న ఆ డబ్బా గాలికి గోడలా అడ్డం నిలబడుతుంది. వేగం 80 నుంచి 60కి దించితే గాలి నిరోధం దాదాపు 44 శాతం తగ్గుతుంది. టైర్లలో గాలి కూడా చూసుకోండి.

గుత్తి దగ్గర్లో ఛార్జర్ ఉందేమో యాప్‌లో చూసి, సగం ఉండగానే పెట్టేయండి. ట్రైలర్ విప్పే జాగా ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. నేనొకసారి మిట్టమధ్యాహ్నం చక్రం కింద రాయి పెట్టి, కాలిపోతున్న కొక్కెం తువ్వాలుతో పట్టుకుని విప్పాను.

అన్నట్టు, మీ కారుకు ట్రైలర్ లాగే అనుమతి ఉందా? మాన్యువల్‌లో చూడండి. లేకపోతే వారంటీకి ఇబ్బంది.