టికెట్టు గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒడియా, తెలుగు లిపుల గురించి మాట్లాడమని బెంగళూరు సదస్సుకు నిన్ను ఎంపిక చేసి, ఆ తర్వాత లోపలికి రావడానికి టికెట్టు కొనమన్నారంటే నాకూ కోపం వచ్చింది. కానీ అమ్మాయీ, మూడు పేజీల నిండా కోపమే ఉంది. పర్లాకిమిడి నుంచి పలాసకు బస్సు, అక్కడి నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్, బెంగళూరులో రెండు రాత్రుల గది అద్దె, సెలవు పెడితే తెగే జీతం, ఇవేవీ లేవు. వాటిని అంకెలతో సహా రాయి. టికెట్టు ఊరికే ఇచ్చినా నువ్వు వెళ్లగలిగేదానివో లేదో అప్పుడు తెలుస్తుంది. నాకు అసలు విషయం అదే అనిపిస్తోంది.

ఇంకొకటి, సదస్సులన్నిటినీ ఒకే గాటన కట్టావు. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సదస్సు ఫాస్‌డెమ్‌కు ప్రవేశ రుసుమే లేదు. అమెరికాలో పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ చాలా ఏళ్లు ‘అందరూ చెల్లించాలి’ అన్న నియమం పాటించింది. వక్తలే కాదు, నిర్వాహకులూ టికెట్టు కొనేవారు. కొనలేనివారికి ఆర్థిక సహాయం ఉండేది. ఆ పద్ధతిలో న్యాయం ఉంది, దాన్ని తప్పుపట్టకు. స్పాన్సర్లతో స్టాళ్లు పెట్టించి, శ్రోతల దగ్గర వేలు వసూలు చేసి, ఎవరి మాట వినడానికి వాళ్లు వచ్చారో ఆ వక్త దగ్గరా తీసుకునే చోటు వేరు. నీ కోపం అక్కడ చూపించు.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు నడిపిన ఊళ్లో పుట్టి, డబ్బు మాట ఎత్తడం చిన్నతనంగా ఉందన్నావు. ఆయన ఇచ్చింది తనంతట తాను, లేనివాళ్లకు. నిన్ను అడుగుతున్నది ఉన్నవాళ్లు.

ఏళ్ల క్రితం నేనూ ఒక సభకు సొంత ఖర్చుతో వెళ్లాను. గోడమీది వక్తల పట్టికలో నా పేరు ఉంది, గుమ్మం దగ్గర మాత్రం టికెట్టు చూపమన్నారు. కొనుక్కుని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చాక నామోషీ అనిపించి ఎక్కడా రాయలేదు. మరుసటి ఏడాది మన ఊరి కుర్రవాడికీ అదే జరిగింది. నేను రాసి ఉంటే అతను ముందే అడిగి ఉండేవాడు.

అందుకే నువ్వు ఇప్పుడే అడుగు. ప్రవేశం అన్ని రోజులకా, మాట్లాడే రోజుకేనా? రైలు ఛార్జీ, బస ఎవరివి? ముందే ఇస్తారా, నువ్వు పెట్టుకుంటే నెలల తర్వాత ఇస్తారా? చేతిలో లేని మనిషికి ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. వాళ్ల జవాబు ఏదైనా ఒక్క మాట మార్చకుండా వ్యాసంలో పెట్టు.

తిరగరాసిన ప్రతిని దసరాలోపు పంపు. ఖర్చుల లెక్క మొదటి పేజీలోనే ఉండాలి.

మీ మాస్టారు