చలికాలంలో వాసనొచ్చే పూలు కావాలంటే

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. మేడ మీద కుండీలో మల్లెచెట్టు ఉంది, ఎండాకాలం బాగా పూసింది గానీ దసరా పోయాక ఒక్క మొగ్గ లేదు. రోజూ నీళ్లు పోస్తున్నా, యూరియా కూడా వేశా, ఆకులు మాత్రం గుబురుగా వస్తున్నాయి. డిసెంబరాలు విరగబూస్తున్నాయి, వాటికేమో వాసనే లేదాయె. ఈ చలిలో ఘుమఘుమలాడే పూలచెట్లు ఏమున్నాయి?

జవాబు: ముందు ఆ యూరియా ఆపేయండమ్మా, దానివల్లే అంత ఆకు. మల్లెకి ఇది రెస్ట్ టైమ్, నవంబరు ఆఖర్లో నీళ్లు బాగా తగ్గించి, కొమ్మలు సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, కొన్నాళ్లాగి పశువుల ఎరువేసి నీళ్లు మొదలుపెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గలేస్తుంది. ఇప్పుడు పూయమని బతిమాలినా పూయదు.

చలికి పూసేది కాగడామల్లె. నిజం చెప్పాలంటే వాసన మల్లె అంత ఉండదు, అందుకే మా అమ్మ కాగడాల మధ్యలో మరువం పెట్టి మాల కట్టేది, ఆ జడ పక్కన కూర్చుంటే చాలు. మరువం, దవనం రెండూ చలికి బాగా వస్తాయి, చిన్న తొట్టెలు చాలు. కాగడాకి మాత్రం అడుగు పైన వెడల్పున్న కుండీ, కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, నీడలో పెడితే ఇదీ ఆకే ఇస్తుంది. పూత అయిపోయాక ఫిబ్రవరి, మార్చిల్లో కత్తిరించండి, కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి జాలిపడొద్దు.

కింద జాగా ఉంటే పారిజాతం వేయండి, వానాకాలం చివర్నుంచి చలి మొదలయ్యేదాకా పూస్తుంది, తెల్లారేసరికి చెట్టు కిందంతా పూలే. నైట్‌క్వీన్, అదే రాత్రిరాణి, కూడా అడుగుతారేమో, రాత్రిళ్లు వాసన మరీ ఘాటు, కిటికీ పక్కన పెడితే కొందరికి తలనొప్పి, పైగా దాని కాయలు విషం, చిన్నపిల్లలుంటే వద్దు.

కాగడా కొనేది ఇప్పుడే, పూలమీదున్నప్పుడే కొనండి. వానాకాలంలో వెళ్తే నర్సరీలో ఏ జాజి తీగో చేతిలో పెట్టి కాగడా అంటారు, నాకు రెండుసార్లు అయ్యింది. ఇప్పుడైతే వాసన చూసి మరీ తెచ్చుకోవచ్చు.