పెళ్లిచూపుల్లో, ఇంటర్వ్యూలో ‘గేమ్స్ ఆడతాను’ అని చెప్పొచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రాత్రి భోంచేశాక ఓ గంట ప్లేస్టేషన్‌లో వీడియో గేమ్స్ ఆడుకుంటాను. చుట్టాలొస్తే అమ్మ దాని మీద టవల్ కప్పేస్తుంది. మొన్న పెళ్లిచూపుల్లో ఖాళీ దొరికితే ఏం చేస్తారని అడిగితే ‘పుస్తకాలు చదువుతా’ అనేశాను. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది. అక్కడా అదే చెప్పనా? ఈ వయసులో ఇదేం పిల్లచేష్ట అని నాకే సిగ్గేస్తోంది.
- ఓ ఉద్యోగి, మియాపూర్

జవాబు: పుస్తకాల మాట మాత్రం వద్దండీ. ఈమధ్య మాక్ ఇంటర్వ్యూలో ఒకబ్బాయి అలాగే ‘రీడింగ్’ అన్నాడు. చివరగా ఏం చదివావని అడిగితే నీళ్లు నమిలాడు. నిజంగా ఏం చేస్తావు బాబూ అంటే, తలొంచుకుని ఫుట్‌బాల్ గేమ్ అన్నాడు. ఒక గోల్ వెనకబడ్డప్పుడు ఎవర్ని తీసి ఎవర్ని దించుతాడో చెబుతూ బల్ల మీద వేలితో మైదానం గీసేశాడు. అరగంటలో అతని గొంతు వణకనిది ఆ ఐదు నిమిషాలే.

అడిగితే ఒక్క ముక్కలో చెప్పండి, అడక్కపోతే వదిలేయండి. మీ అనుభవానికి రెజ్యూమెలో హాబీల వరస అక్కర్లేదు. లీడర్‌షిప్ నేర్పిందంటూ ఆటకి రంగులు పూయొద్దు. గేమ్ టెస్టింగ్ వైపు మనసుంటే అది వేరే లెక్క. వీడియో గేమ్స్ తయారుచేసే ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) లాంటి కంపెనీకి హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. ఆడుతుండగా మీ కంటపడ్డ బగ్‌లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

పెళ్లిచూపుల్లో మాత్రం రెండు ముక్కలు ఎక్కువ చెప్పాలి. గేమ్స్ అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ, అప్పులు. ఆ భయం ఊరికే పుట్టలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మీ ఆటలో పందెం లేదని వాళ్లకి ముందే చెప్పేయండి. విడిదింట్లో తెల్లవార్లూ చతుర్ముఖ పారాయణం చేసే బాబాయిల్ని ఎవరూ చిన్నపిల్లలనరు. మీరూ తలొంచుకోనక్కర్లేదు.

ఇక సిగ్గు సంగతి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉన్న మాట నిజమే. అయితే అక్కడ గంటల లెక్క లేదు. ఆపుదామన్నా చేతకాకపోవడం, తిండీ పనీ ఆట తర్వాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఈ తీరు మామూలుగా ఏడాదిపాటు సాగడం చూస్తారు. మీ ఉత్తరంలో అవేవీ కనిపించలేదు. ఎప్పుడైనా అలా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ టవల్ మాత్రం తీయించండి. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే మెషీన్ పాడవుతుంది. ఈ ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆడేదేమిటో చూపించండి. రెండో కంట్రోలర్ ఉంటే ఆవిడ చేతికివ్వండి.