పాఠకుల ప్రశ్న – సమాధానం: గైడు వెంట బైకు యాత్ర

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. చాలా ఏళ్లుగా ఊళ్లో బైకు నడుపుతున్నాను గానీ, బృందంతో కలిసి దూరప్రయాణం ఎన్నడూ చేయలేదు. ఆగస్టులో రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడింటినీ గైడు వెంట ఒకే రోజులో చూపించి రాత్రికి తిరిగి చేరుస్తామని, బైకు కూడా తామే ఇస్తామని ఒక నిర్వాహకుడు చెబుతున్నారు. నా భార్య కూడా వెనుక కూర్చుని వస్తానంటున్నది. వెళ్లవచ్చునా? ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: తప్పక వెళ్లండి, కానీ ఒకే రోజులో వద్దు. రానుపోను 250 కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణాన్ని పొద్దుగూకేలోపు ముగించాలంటే గైడు వేగం పెంచవలసి వస్తుంది, ఆలస్యమైతే తాడ్వాయి అడవిదారిలో చీకట్లో రావలసి వస్తుంది. వానలప్పుడు పశువులు తడి నేలను వదిలి తారురోడ్డు మీదకు చేరి పడుకుంటాయి. రాత్రివేళ నల్లని గేదె దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. పైగా 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిని, చూరు కింద నల్లరాతిలో చెక్కిన ఆ మదనికలను, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీమూర్తులను, అరగంటలో చూసి రావడం నా దృష్టిలో చూడకపోవడంతో సమానం. మొదటి రోజు రామప్ప, లక్నవరం చూసి అక్కడే రాత్రి బస చేసి, మర్నాడు ఉదయాన్నే ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి బొగతకు వెళ్లేలా ఏర్పాటు చేయమని అడగండి. జలపాతం నిండుగా ఉండేది వానాకాలంలోనే కనుక నెల మార్చనక్కరలేదు. అయితే గట్టి వాన కురిస్తే యాత్రను వాయిదా వేస్తారా, కట్టిన డబ్బు మిగులుతుందా అన్నది ముందే రాయించుకోండి.

నిర్వాహకుణ్ని అడగవలసిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది బృందం చివర ఎవరు వస్తారన్నది. ముందు నడిచే గైడు ఒక్కడే ఉంటే చాలదు. దారి తెలిసి, పంక్చరు వేయగలిగి, ప్రథమ చికిత్స పెట్టె దగ్గరుంచుకున్న మనిషి మరొకరు అందరికంటే వెనుక రావాలి, ఎవరు ఆగినా ఆయన ఆగాలి. కొన్నేళ్ల కిందట నేను పాల్గొన్న ఒక యాత్రలో అటువంటి మనిషి లేకపోవడం వల్ల, ములుగు దాటాక రామప్ప గుడి ఉన్న పాలంపేట వైపు తిరగవలసిన చోట వెనుకబడిన ఒక పెద్దాయన మలుపు గమనించక నేరుగా పస్రా దాకా వెళ్లిపోయారు, మేము గుడి దగ్గర ఆయన కోసం గంటన్నర సేపు కంగారుపడ్డాం. అడవిలో ఫోను సిగ్నల్ అందని చోట ఇదే జరిగితే పరిస్థితి ఏమిటో ఊహించండి. ప్రతి మలుపు దగ్గరా ఒకరిని నిలిపి, చివరి బైకు వచ్చేదాకా కదలవద్దని చెప్పే పద్ధతి ఉన్న బృందాన్నే ఎంచుకోండి. అందరికంటే నెమ్మదిగా నడిపేవారిని గైడు వెనుకనే ఉంచి, వారి వేగమే బృందం వేగంగా నడిపించేవాడే మంచి గైడని నా నమ్మకం.

అద్దె బైకు విషయంలో మొహమాటపడకండి. అద్దెకిచ్చే బండికి నల్లని పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉండాలి. తెల్ల పలక మీది సొంత బండిని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి అడ్డంకి రావచ్చు. ఇద్దరు కూర్చుంటారు కనుక వెనుక టైరులో గాలి ఎంత ఉండాలో బండి మీది పట్టికలో చూసి నింపించండి.

దారిలో మీరు గమనించవలసింది రోడ్డు మీది బురద. నాట్ల కాలం ముగిసీ ముగియని ఆ రోజుల్లో పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన బురద పల్లె మలుపుల్లో పరుచుకుని, చినుకు పడగానే జారుతుంది. అక్కడ ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టకుండా, మలుపుకు ముందే వేగం తగ్గించుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. కాబట్టి ముందు బైకు ఒక కిలోమీటరు రాయిని దాటిన రెండు సెకన్ల తరువాతే మీరు దాన్ని దాటాలి, తడిరోడ్డు మీద నాలుగు సెకన్లు అయినా ఎక్కువ కాదు. సరిగ్గా ముందువారి వెనుక కాకుండా, ఒకరు రోడ్డులో కుడివైపు, ఒకరు ఎడమవైపుగా సాగితే అందరికీ దారి కనిపిస్తుంది.

మీ శ్రీమతి గారికి కూడా ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ తప్పనిసరి, చట్టం కూడా అదే చెబుతున్నది. చీరకొంగు, చున్నీ చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాలు మన దగ్గర తక్కువేమీ కాదు కనుక, బిగువైన కుర్తా, ప్యాంటు, బూట్లు మేలు. ఆవిడ దూరప్రయాణం చేసి చాలాకాలమై ఉంటే, యాత్రకు రెండు వారాల ముందు ఒక ఆదివారం ఉదయం ఇద్దరూ ఆత్మకూరు దాకా వెళ్లి రండి. నడుము నొప్పి, సీటు ఇబ్బంది ఏదైనా ఉంటే అక్కడే తెలుస్తుంది, అప్పుడు ఆవిడ బృందం వెంట వచ్చే కారులో ప్రయాణించే వీలు కల్పించమని నిర్వాహకుణ్ని అడగడానికి సమయం మిగులుతుంది.